కిరాయి ప్రశ్నల జమాలుద్దీన్

మదనపల్లెలో మా చరకా వీధి జమాలుద్దీన్‌కి రెండు పనులు. ఏడాది పొడుగునా పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీస్తాడు. ఎన్నికలొస్తే సభల్లో ప్రశ్నలడుగుతాడు. మొదటి పని వాళ్ళ నాన్న నేర్పాడు. రెండోది మన ప్రజాస్వామ్యమే దగ్గరుండి నేర్పింది.

ప్రశ్నలడగడం కూడా ఒక పనేనా అనకండి. నాయకుడు స్టేజీ మీద మాట్లాడుతుంటే జనం మధ్యలోంచి ఒకడు లేచి, "అన్నా, మా రైతులకు నువ్వు చేసిన మేలు ఇంకోసారి చెప్పన్నా, ఎనకాల వాళ్ళకు ఇనపళ్ళేదు!" అంటాడు చూడండి, వాడు ఊరికే లేవడు. లేపేవాళ్ళు ఉంటారు. మా వైపు ఓ పదేళ్ళ పాటు అలా లేచినవాళ్ళలో అందరికంటే అందంగా లేచింది మా జమాలన్నే.

అది మొదలైంది పుంగనూరులో, తొంభై అయిదు ప్రాంతంలో. గూళ్ళు బేరమాడి వద్దామని పోయాడు. తిరుగు బస్సు ఎక్కబోతే రోడ్డు మీదే సభ, బస్సులన్నీ ఆగిపోయాయి. ఇంతలో కరెంటు పోయి మైకు మూగబోయింది. స్టేజీ మీది నాయకుడు కాగితం పట్టుకుని బిక్కమొహం వేశాడు. జమాలన్నకి బస్సు తొందర. ఉండబట్టలేక అరిచాడు.

"మైకు లేకపోతే ఏమన్నా, గొంతు లేదా?"

జనం గొల్లుమన్నారు. నాయకుడికి పౌరుషం వచ్చి, "ఉండాదప్పా! ఇను!" అని అరగంట సొంత గొంతుతో దంచేశాడు. అంత బాగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదట. బస్సు ఎలాగూ కదల్లేదు కానీ, గోవిందప్ప వచ్చి జమాలన్న చెయ్యి పట్టుకున్నాడు. గోవిందప్ప అంటే మైకు సెట్లు, కుర్చీలు, షామియానాలు, కావలసినంత మంది జనం, అన్నీ సప్లై చేసే మనిషి. ఏ పార్టీ అయినా ఆయనకి ఒకటే.

"యా ఊరప్పా నీది?"

"మదనపల్లె."

"ఏం పని?"

"రీలింగు. గూళ్ళు ఉడకబెడతా."

"ఇంత గొంతు పెట్టుకుని పురుగుల దగ్గర కూర్చుంటే ఎట్లప్పా? నాతో రా."

ఆ తర్వాత పాఠాలన్నీ బస్సుల్లోనే జరిగాయి. గోవిందప్ప కిటికీ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చెప్పేవాడు.

"సూడు జమాలూ. నాయకుడి దగ్గర జవాబు రెడీగా ఉంటాది. దానికి సరిపొయ్యే ప్రశ్న మనం ఎయ్యల్ల. అంతే వ్యాపారం."

"ఎవురైనా నిజం ప్రశ్న ఏస్తేనో?"

"అడిగిన దాని మీదికి పోవద్దు. అడిగినోడి మీదికి పో."

ఈ ఒక్క మాటని పట్టుకుని జమాలన్న ఒక విద్యగా తయారుచేశాడు. పుంగనూరు దగ్గర ఒక సభలో మునెమ్మ అనే ఆవిడ లేచి, "పోయినసారి బడికి గోడ కట్టిస్తామంటిరే, యాడ సామీ గోడ?" అని నిలదీసింది. వెంటనే వెనక నుంచి జమాలన్న గొంతు.

"ఎవురమ్మా నువ్వు? నిన్ను పంపించింది ఎవురు?"

అంతే. జనమంతా మునెమ్మ వైపు తిరిగారు. ఎవరి భార్య, ఎవరి చెల్లెలు, మొగుడు ఏ పార్టీ జెండా కట్టాడు, మేనమామ ఎవరికి ఓటేశాడు... ఆవిడ చుట్టాలందరినీ తేల్చేసరికి గోడ సంగతి గాలికి పోయింది. నాయకుడు చల్లగా సోడా తాగాడు. గోవిందప్ప మురిసిపోయి జమాలన్నకి రెండు బిర్యానీ పొట్లాలు ఇప్పించాడు.

ఒక పొట్లం తీసుకొచ్చి భార్య మైమూనా ముందు పెట్టి కథంతా చెప్పాడు. ఆమె తింటూ విన్నది.

"అజీ, ఇంతకీ ఆ గోడ?"

"గోడ ఎవురికి గుర్తుంటాది?"

"మునెమ్మకుంటాది" అంది మైమూనా. మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

మైమూనా తక్కువ మాటల మనిషి. మరుగుతున్న నీళ్ళలో గూళ్ళు వేసి, పై పీచునంతా పుల్లతో చుట్టి లాగేసి, లోపలున్న అసలు కొసని వేళ్ళతో పట్టుకుంటుంది. ఆ కొస దొరికిందా, గూడు గూడంతా ఒకటే దారంగా వచ్చేస్తుంది. వీధిలో అంత త్వరగా కొస పట్టేవాళ్ళు లేరు. జమాలన్నకి పది నిమిషాల ఉపన్యాసమైతే ఆమెకి రెండు మాటలు.

అన్నిసార్లూ జమాలన్న పాచిక పారిందని కాదు. కుప్పం దగ్గర ఒక పల్లెలో పంచె కట్టి, తలకి తువ్వాలు చుట్టి, ఆ ఊరి రైతులాగా లేచి నిలబడ్డాడు. "మా ఊరి చెరువు పూడిపోయింది సామీ! మట్టి ఎప్పుడు తీయిస్తారు?" అన్నాడు బొంగురు గొంతుతో. నాయకుడు చెయ్యి పైకెత్తి, "గెలిచిన ఆరు నెలల్లో! ఇది నా మాట!" అన్నాడు. ఒకటే చప్పట్లు. పక్కన కూర్చున్న మునెప్ప అనే ముసలాయన కూడా కొట్టి కొట్టి, మెల్లగా జమాలన్న పంచె లాగాడు.

"ఏమప్పా, మా ఊర్లో చెరువు యాడుండాది?"

జమాలన్న నెత్తిన పిడుగు పడింది. "లేదా?"

"లేదు."

"మరి చప్పట్లు యాల కొడితివి తాతా?"

"లేని చెరువులో మట్టి తీయల్లంటే ముందు చెరువు తవ్వల్ల కదా. ఆ ఆశతో కొడితి" అన్నాడు మునెప్ప.

ఈ కథని జమాలన్న టీ అంగట్లో ఎన్నిసార్లు చెప్పినా మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. మైమూనా మాత్రం ఒక్కసారే విని, "పాపం, వాళ్ళకు చెరువు లేదా?" అంది.

ఇలా సాగుతుండగా రెండు వేల అయిదు వచ్చింది. మున్సిపల్ ఎన్నికలు. అప్పటికి మా చరకా వీధి పరిస్థితి ఏమీ బాగాలేదు. వీధికి ఒకటే బోరు, అందులో ఉప్పు నీళ్ళు. తాగడానికి, వంటకి రెండు వీధులవతల నుంచి బిందెలతో మోసుకొచ్చేవాళ్ళు. కానీ దారం తీయడానికి బిందెలు చాలవు కదా. ఉప్పు నీళ్ళలో ఉడికిన గూడు నుంచి వచ్చే దారానికి మెరుపు ఉండదు, మాటిమాటికీ తెగుతుంది. కొనేవాళ్ళు చేత్తో తడిమి, పెదవి విరిచి, పక్కన పెట్టేస్తున్నారు. వీధిలో ఒక్కో పొయ్యి ఆరిపోతూ వచ్చింది. కర్ణాటకలోని రామనగరంలో ఒక పెద్ద రీలింగు యూనిట్ యజమాని జమాలన్నకి కబురు పంపాడు. మీ పొయ్యి ఆపేసి ఇక్కడికి వచ్చి కూలికి చెయ్యి, నీ భార్యని కూడా తీసుకురా అని.

వాళ్ళ నాన్న వెలిగించిన పొయ్యి అది. ఆపేసి ఇంకొకరి దగ్గర కూలికి పోవాలంటే జమాలన్నకి ప్రాణం ఒప్పలేదు. ఒక రోజు మైమూనా తెగిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ అంది.

"ఊరూరా తిరిగి ఎవురి చెరువు గురించో అడుగుతావు. మన నీళ్ళ గురించి ఒక్కసారి అడుగు."

అవకాశం దగ్గర్లోనే ఉంది. లోకల్ కేబుల్ టీవీ వాళ్ళు మా వార్డు అభ్యర్థులిద్దరినీ ఒక కల్యాణ మండపంలో కూర్చోబెట్టి ముఖాముఖి పెట్టారు. ఒకరు రెడ్డెప్ప, గొడుగు గుర్తు, అప్పటిదాకా మా కౌన్సిలర్. ఇంకొకరు కృష్ణమ్మ, గడియారం గుర్తు. రెడ్డెప్ప తరఫున జనాన్ని, ప్రశ్నల్ని సప్లై చేసేది గోవిందప్ప. జమాలన్నకి ఇచ్చిన ప్రశ్న ఏంటంటే, "అన్నా, వార్డు కోసం ఇంత కష్టపడినావే, నీ ఆరోగ్యం ఎట్లుండాది?"

జమాలన్న లేచాడు. కెమెరా తిరిగింది.

"అన్నా, మా చరకా వీధికి మంచి నీళ్ళు ఎప్పుడొస్తాయి?"

"బాగుండాదప్పా నా ఆరో..." అనేసి ఆగిపోయాడు రెడ్డెప్ప. మండపంలో నవ్వులు. ఆయన మొహం కందగడ్డయింది. ఒక్క క్షణం గోవిందప్ప వైపు చూసి, వేలు జమాలన్న వైపు చాచాడు.

"నిన్ను పంపించింది ఎవురు?"

తన విద్యే తన మీదికి వస్తే ఎలా ఉంటుందో జమాలన్న అప్పుడు చూశాడు. గొడుగు వాళ్ళు "గడియారం వాళ్ళు కొన్నారు!" అని అరిచారు. కృష్ణమ్మ మైకు లాక్కుని, "నాకేం సంబంధం? ఈయన రెడ్డెప్ప మనిషే, ఊరందరికీ తెలుసు. మొసలి కన్నీళ్ళ కోసం ఆడే నాటకం ఇది!" అంది. అంతలో రెడ్డెప్ప కండువాతో కళ్ళు ఒత్తుకుంటూ లేచాడు. "అంటే నేను ఈ తల్లుల్ని దాహంతో సంపేస్తాండానంటావు! నేను హంతకుణ్ణంటావు! సరే, కొట్టండప్పా నన్ను!"

"నేను అట్ల అన్లేదన్నా! నీళ్ళు ఎప్పుడంటే..."

"విన్నారు కదా! హంతకుణ్ణంట!"

జమాలన్న గొంతు మొదటిసారి ఎవరికీ వినపడలేదు. పదేళ్ళు అబద్ధం ప్రశ్నలడిగిన మనిషి నిజం ప్రశ్న అడిగితే నమ్మేదెవరు? ఇంటికొచ్చి పొయ్యి పక్కన కూలబడ్డాడు.

"ఎవురూ జవాబు చెప్పలే మైమూనా. ఒకడు పక్కదోవ పట్టిచ్చినాడు, ఒకామె నా మీదికొచ్చింది. ఆఖరికి అందరూ కలిసి నన్నే కొట్టేటట్టున్నారు."

"పీచు" అంది మైమూనా.

"ఏంది?"

"అదంతా పై పీచు. నువ్వు కొస ఇడిసిపెట్టినావు. ఇడిసిపెట్టకుండా ఉంటే ఆయన ఎంతసేపు చుడతాడు?"

ఆ మర్నాడే గోవిందప్ప వచ్చాడు. కోపంతో వస్తాడనుకుంటే బతిమాలుతూ వచ్చాడు. రెడ్డెప్ప ఎల్లుండి చరకా వీధికి ఓట్లడగడానికి వస్తున్నాడట. వీధి తనవైపే ఉందని చూపించాలంటే పక్కన జమాలుద్దీన్ ఉండాలట.

"జరిగింది మర్సిపో అప్పా. మైకు నీదే. ఆటో ముందు నడువు, గట్టిగా సెప్పు, అంతే."

జమాలన్న మైమూనా వైపు చూశాడు. ఆమె తలూపింది. గోవిందప్ప వెళ్ళాక అంది. "మన వీధోళ్ళు అడిగింది మైకులో చెప్పు. ఆయన చెప్పింది మైకులో చెప్పు. ఒక్క మాట కలపొద్దు, ఒక్క మాట తియ్యొద్దు." ఆ తర్వాత చెంగు దోపుకుని ఇంటింటికీ తిరిగొచ్చింది.

రెడ్డెప్పకి ఒక నియమం ఉంది. ఓటడగడానికి పోయిన ఇంట్లో టీ ఇస్తే వద్దనడు. అంతకుముందు ఎన్నికల్లో ఆయన మీద నిలబడినాయన ఒకింట్లో కాఫీ వద్దన్నందుకు, "మన ఇళ్ళల్లో తాగడంట" అని వార్డంతా పాకిపోయి ఓడిపోయాడు. అప్పటినుంచి రెడ్డెప్ప ఇల్లు ఇల్లూ తాగేవాడు. కడుపు నిండినా తాగేవాడు.

ఆ రోజు చరకా వీధిలో ప్రతి ఇంట్లో టీ సిద్ధంగా ఉంది. బోరు నీళ్ళ టీ.

మొదటి ఇల్లు పాపక్కది. దండం పెట్టి స్టీలు గ్లాసు అందించింది. రెడ్డెప్ప ఒక గుక్క తాగాడు. పాలు విరిగి, ఉప్పగా, అదోలా ఉంది. మొహం మీద నవ్వు అలాగే నిలబెట్టుకున్నాడు.

"అన్నా, మంచి నీళ్ళు ఏ రోజు వస్తాయి?"

"పాపక్కా! ఈ వీధికి ఆ కాలంలో బావి తవ్వించింది ఎవురు? మా తాత కాదా?"

ఆటో మీది లౌడ్‌స్పీకర్ ఖంగుమంది. "పాపక్క అడిగింది: మంచి నీళ్ళు ఏ రోజు వస్తాయి? రెడ్డెప్పన్న చెప్పింది: బావి తవ్వించింది మా తాత కాదా?"

వీధి చివర దాకా కిటికీలు తెరుచుకున్నాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. రెడ్డెప్ప వెనక్కి తిరిగి చూశాడు. జమాలన్న మొహంలో ఏ భావమూ లేదు.

పక్కిల్లు షాహిదాది. మళ్ళీ గ్లాసు. మళ్ళీ, "ఏ రోజన్నా?"

"నన్నెందుకమ్మా అడుగుతావు? ఆ కృష్ణమ్మ మొగుడు చైర్మన్‌గా ఉన్నప్పుడు ఏం పీకినాడో అడుగు!"

"షాహిదా అడిగింది: ఏ రోజు? రెడ్డెప్పన్న చెప్పింది: కృష్ణమ్మ మొగుడు ఏం పీకినాడు?"

ఈసారి నవ్వు దాచుకున్నవాళ్ళు లేరు. కుప్పమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి రెడ్డెప్ప కడుపు మీద చెయ్యి వేసుకున్నాడు. కుప్పమ్మ ఇంకా నోరు తెరవకముందే చెప్పేశాడు.

"అమ్మా, నీళ్ళు ఈరోజు కాకపోతే రేపొస్తాయి. ముందు దేశం గురించి ఆలోచించండి! దేశం ఉంటేనే కదా మనం!"

"అయితే దేశం ఏ రోజు నీళ్ళిస్తాదన్నా?" అంది కుప్పమ్మ గ్లాసు ముందుకు తోస్తూ.

అదీ మైకులో మోగింది. దేశం, నీళ్ళు, రోజు, అన్నీ పూసగుచ్చినట్టు. గోవిందప్ప పరుగున వచ్చి జమాలన్న చెవిలో బుసకొట్టాడు.

"ఆపుతావా లేదా? పరువు తీస్తాండావు!"

"నేను ఒక్క మాట కలిపినానా?"

"లేదు."

"తీసినానా?"

"లేదప్పా! కలిపి ఉంటే అబద్ధమని అరిసేవాణ్ణి. ఏమీ కలపలేదు, అదే కదా నా కర్మ!"

మైకు లాక్కుందామంటే వీధంతా చూస్తోంది. తర్వాతి ఇళ్ళలో రెడ్డెప్ప చేయాల్సినవన్నీ చేశాడు. ఒక చోట ఢిల్లీని తిట్టాడు. ఒక చోట, "మీ వీధి వాళ్ళు మంచివాళ్ళు, ఎవురో మీ మనసు ఇరిసేసినారు" అన్నాడు. ఇంకో చోట, "ఆడోళ్ళు రాజకీయం మాట్లాడితే ఎట్లమ్మా?" అన్నాడు గానీ, అది మైకులో విన్నాక తనే నాలుక కరుచుకున్నాడు. ప్రతి ఇంట్లో గ్లాసు ఖాళీ చేశాడు. మనిషి మొండివాడే.

చివరి ఇల్లు జమాలన్నది. రెడ్డెప్ప పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నుదుటి మీద చెమట. మైమూనా గ్లాసు పట్టుకుని నిలబడింది.

"ఏ రోజన్నా?"

ఆయన గ్లాసు వైపు చూశాడు. తర్వాత పొయ్యి మీది నీళ్ళ వైపు, అందులో తేలుతున్న గూళ్ళ వైపు, ఆమె వేళ్ళకి అంటుకున్న తెగిన దారాల వైపు చూశాడు. కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తెలీదమ్మా" అన్నాడు. "పైపు మీ వీధి మొదట్లోనే ఆగిపోయుండాది. సాంక్షన్ అయింది, వస్తాది వస్తాది అంటా వచ్చినా. అసలు మీ వీధి ప్లాన్‌లోనే లేదు. ఆఫీసులో అడిగి ఏపిచ్చల్ల. నేను అడగలేదు."

జమాలన్న గొంతు ఈసారి ఖంగుమనలేదు. నెమ్మదిగా, ఉన్నదున్నట్టు చెప్పాడు. "మైమూనా అడిగింది: ఏ రోజు? రెడ్డెప్పన్న చెప్పింది: తెలీదు. మన వీధి ప్లాన్‌లో లేదు. నేను అడగలేదు."

వీధిలో ఎవరూ నవ్వలేదు. రెడ్డెప్ప, ఇక ఓటు పోయినట్టే అన్న మొహంతో, గ్లాసు కోసం చెయ్యి చాచాడు. మైమూనా ఆ గ్లాసు వెనక్కి తీసుకుంది.

"అది తాగొద్దులే అన్నా, కడుపు నొస్తాది" అని, లోపలికి పోయి మోసుకొచ్చిన మంచినీళ్ళతో పెట్టిన టీ తెచ్చిచ్చింది. "ఇప్పుడు చెప్పు. ఆఫీసులో ఎవుర్ని అడగల్ల? ఎప్పుడు పోదాం?"

రెడ్డెప్ప ఆ టీ రెండు గుక్కల్లో తాగేసి, నిట్టూర్చి, నవ్వాడు. ఆ రోజు మొత్తంలో అది మొదటి అసలు నవ్వు. "సోమవారం పోదాం. మీరంతా రండి."

"సోమవారం!" అని జమాలన్న మైకులో అరిచిన అరుపుకి పక్క వీధిలో ఓట్లడుగుతున్న కృష్ణమ్మ కూడా ఆగిపోయిందట. సాయంత్రానికల్లా ఆవిడ మా వీధిలో ఉంది. పాపక్క ఇంకా పొయ్యి మీద గిన్నె పెట్టకముందే రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"టీ వద్దు తల్లీ, విన్నా! నేనూ సోమవారం వస్తా!"

సోమవారం ఇద్దరు అభ్యర్థులూ, వెనక మా వీధి ఆడవాళ్ళూ, ఆఫీసు వరండా నిండిపోయింది. ఎన్నికలయ్యేదాకా ఏమీ చేయలేమని అధికారి చెప్పాడు. "అయినాక ఏ రోజు?" అని మైమూనా అడగబోతుంటే రెడ్డెప్పే ముందు అడిగేశాడు. అలవాటయిపోయినట్టుంది. కౌంటింగులో ఆయన గెలిచాడు, కొద్దిలో. చరకా వీధి ఓట్లు లేకపోతే గెలిచేవాడు కాదని గోవిందప్పే ఒప్పుకున్నాడు. ఓడిన కృష్ణమ్మ ఊరుకోలేదు, కౌన్సిల్ మీటింగు జరిగినప్పుడల్లా మనుషుల్ని పంపి చరకా వీధి పైపు సంగతి గుర్తుచేయించేది. మరుసటి వేసవి రాకముందే వీధి తవ్వి పైపు వేశారు.

రెండు వేల ఆరులో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. కుప్పం వైపు పనుందని గోవిందప్ప కబురు చేశాడు. జమాలన్న షరతు పెట్టాడు. "వస్తా. కానీ జనం అడిగింది, నాయకుడు చెప్పింది, రెండూ ఉన్నదున్నట్టు మైకులో చెప్తా."

"ఏ నాయకుడు పిలుస్తాడప్పా నిన్ను?" అని గోవిందప్ప నెత్తి కొట్టుకుని పోయాడు.

ఆ వారంలోనే రామనగరం యజమాని ఫోన్ చేశాడు. ఆఖరిసారి అడుగుతున్నా, ఎప్పుడొస్తావు అని. పొయ్యి మీద కొత్త నీళ్ళు మరుగుతున్నాయి. చరకా మీద దారం తెగకుండా, మెరుస్తూ చుట్టుకుంటోంది. జమాలన్న సెల్లు చెవికి పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"అంటే సార్, మీరు పెద్దవాళ్ళు, మీ యూనిట్ గురించి మా నాయన ఉన్నప్పటినుంచి ఎంతో గొప్పగా ఇంటాండాం. అయినా ఈ కాలం పిల్లలు, ఈ రోడ్లు, ఈ బస్సులు సూస్తే..."

మైమూనా తల ఎత్తి చూసింది.

"రాను సార్" అన్నాడు జమాలుద్దీన్.